కొత్త కుర్రాడు ఎన్‌బీఏకి సిద్ధమేనా? రూకీ ఆటను చూసి తేల్చుకోవడం ఎలా

2023 జులైలో విక్టర్ వెంబన్యామా ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు శాన్ ఆంటోనియో స్పర్స్ తరఫున మొదటిసారి సమ్మర్ లీగ్‌లో, అంటే అసలు సీజన్‌కి ముందు కొత్తవాళ్లని పరీక్షించే వేసవి పోటీలో దిగాడు. 13 షాట్లు వేస్తే 2 పడ్డాయి. మొత్తం 9 పాయింట్లు. మా వాట్సాప్ గ్రూపులో ఆ పొద్దున ఒకటే వెటకారం, ఇంత హడావిడి ఈ కుర్రాడి కోసమా అని. అదే మ్యాచ్‌లో అతనివి 5 బ్లాకులు (ఎదుటివాళ్ల షాట్‌ని అడ్డుకోవడం), 8 రీబౌండ్లు (తప్పిన షాట్ బంతిని అందుకోవడం) ఉన్నాయన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. రెండు రోజులు తిరక్కుండానే పోర్ట్‌లాండ్ మీద 27 పాయింట్లు, 12 రీబౌండ్లు. సీజన్ అయ్యాక ఒక్క ఓటూ పక్కకి పోకుండా రూకీ ఆఫ్ ది ఇయర్, అంటే ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు.

ఆ రోజు నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత వీడియో మళ్లీ పెట్టుకుని, బంతి ఎక్కడుందో పట్టించుకోకుండా అతన్నొక్కడినే చూస్తే గానీ తెలియలేదు నేనేం పోగొట్టుకున్నానో. అప్పటినుంచి ఏటా జులైలో కొత్తవాళ్లను చూసే పద్ధతి మార్చుకున్నాను. ఆ పద్ధతే ఇది. మీరు బాస్కెట్‌బాల్ ఆడి ఉండకపోయినా పనికొస్తుంది. ఓపిక మాత్రం కావాలి.

మొదటి అడుగు: స్కోరు చూడకండి

లాస్ వేగాస్‌లో సాయంత్రం 7 గంటలకు మొదలయ్యే ఆట మనకు మర్నాడు ఉదయం 7:30కి వస్తుంది. ఆఫీసుకి తయారవుతూ ఓ కంట చూసే వేళ. అలా చూస్తే మిగిలేది డంకులు, పాయింట్లే. కాబట్టి ముందు హైలైట్స్ మానేయండి, పూర్తి మ్యాచ్ రికార్డింగ్ వెతికి పట్టుకోండి. ఒక మ్యాచ్‌కి ఒకే ఆటగాడు. మొదటిసారి మామూలుగా చూసేయండి. రెండోసారి కళ్లు అతని మీదినుంచి తియ్యకండి, బంతి అటు చివర ఉన్నా సరే.

అంకెల్ని ఎందుకు నమ్మకూడదో ఒక్క ఉదాహరణ చాలు. 2012 వేగాస్ సమ్మర్ లీగ్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి ఇద్దరు పంచుకున్నారు. ఒకరు డేమియన్ లిలార్డ్, మరుసటి ఏడాదే రూకీ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. రెండోవాడు జాష్ సెల్బీ. అప్పటికి ఒక సీజన్ ఆడినవాడే, 2013 తర్వాత ఎన్‌బీఏలో మళ్లీ కనిపించలేదు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే బహుమతి.

పైగా సమ్మర్ లీగ్ అసలు లీగ్ కాదు. ఆట 48 నిమిషాలకు బదులు 40 నిమిషాలు. అసలు సీజన్‌లో 6 ఫౌల్స్‌కే బయటికి పంపిస్తారు, ఇక్కడ 10 దాకా ఉండనిస్తారు. నాలుగు రోజుల క్రితం కలిసిన జట్లు, ఎవడి ఉద్యోగం వాడు వెతుక్కునే ఆట. 25 పాయింట్లు ఎవడైనా ఓ రోజు కొడతాడు.

రెండో అడుగు: రెండు సంగతుల్ని విడదీసుకోండి

"నేచురల్" అని మనం ఊరికే అనేస్తుంటాం. అందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి పసిగట్టడం: ఏం జరగబోతోందో ముందే తెలియడం, ఆలోచన కంటే ముందు కాలు కదలడం. రెండోది సిద్ధంగా ఉండటం: ఆ పసిగట్టింది ఇక్కడి వేగంలో, ఇక్కడి ఒళ్ల మధ్య పనిచేయడం. మొదటిది ఉండి రెండోది లేనివాళ్లు బోలెడుమంది.

నా కథే చెబుతాను, పెద్ద ఆటగాడినేం కాదు. కాలేజీ జట్టులో పాయింట్ గార్డ్‌ని, అంటే బంతి నడిపించి పాసులు వేసేవాడిని. కుడి పక్క నుంచి లోపలికి వెళ్లి, వెనక్కి చూడకుండా ఎడమ మూలకి విసిరే పాస్ ఒకటి నాకు బాగా వచ్చేది. ఏడాదంతా అదే నా పేరు. ఒకసారి ఉద్యోగాలు చేస్తూ రోజూ ఆడే పెద్దవాళ్ల జట్టుతో ప్రాక్టీస్ మ్యాచ్ పెట్టారు. అదే పాస్ నాలుగుసార్లు వేశాను, నాలుగూ వాళ్ల చేతుల్లోకే. సందు నాకు కనిపించింది, అబద్ధం కాదు. బంతి అక్కడికి చేరేలోపు ఆ సందు మూసుకుపోయింది, అంతే. చూపు అదే, టైమే వేరు.

ఎన్‌బీఏకి వచ్చే కుర్రాడికి జరిగేదీ ఇదే, వందరెట్లు పెద్దగా. అమెరికా కాలేజీ ఆటలో షాట్ వేయడానికి 30 సెకన్లు, ఇక్కడ 24. కాలేజీలో మూడు పాయింట్ల గీత రింగ్ నుంచి 22 అడుగుల పైచిలుకు, ఇక్కడ మూలలు వదిలేస్తే 23 అడుగుల 9 అంగుళాలు. కాలేజీలో సీజన్‌కి 30–35 మ్యాచ్‌లు, ఇక్కడ 82. ఇవి కాక కాలేజీలో లేని రూలు ఒకటుంది, అది నాలుగో అడుగులో వస్తుంది.

మూడో అడుగు: బంతి అందకముందు తల ఎటు తిరిగింది?

పాస్ గాలిలో ఉండగా కుర్రాడి తల చూడండి. బంతినే చూస్తూ నిలబడితే, పట్టుకున్నాక అప్పుడు లేచి చుట్టూ చూడాలి. ఆ ఒక్క సెకనులో డిఫెండర్ వచ్చేస్తాడు. పసిగట్టేవాడు బంతి రాకముందే ఓసారి అటు మూలకి, ఓసారి రింగ్ కిందికి చూపు విసిరి ఉంటాడు. పట్టుకున్న అర సెకనులో షాటా, పాసా, డ్రైవా (బంతితో రింగ్ వైపు దూసుకెళ్లడమా) తేలిపోతుంది. స్పర్స్ జట్టులో ఈ అలవాటుకి "పాయింట్ ఫైవ్" అని పేరే ఉంది.

మీరు లెక్కపెట్టాల్సింది ఇది: బంతి అందిన తర్వాత ఎన్నిసార్లు ఊరికే పట్టుకుని నిలబడ్డాడు? డ్రిబుల్ అక్కర్లేని చోట నేలకి ఎన్నిసార్లు కొట్టాడు? ఒక మ్యాచ్‌కి ఇరవై సందర్భాలు రాసుకుంటే బొమ్మ తేలుతుంది.

నికోలా యోకిచ్ గుర్తున్నాడు కదా. 2014 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్తవాళ్లని ఎంచుకునే కార్యక్రమంలో) 41వ స్థానంలో అతని పేరు వచ్చినప్పుడు టీవీలో ఏదో తిండి ప్రకటన నడుస్తోంది. పరుగు లేదు, ఎగరడం లేదు, ఒళ్లు చూస్తే బద్ధకంగా ఉంటుంది. 2015లో వచ్చి మొదటి ఏడాదే ఆల్ రూకీ మొదటి జట్టులో (ఆ ఏటి ఉత్తమ రూకీల జాబితాలో) చేరాడు, తర్వాత మూడుసార్లు ఎంవీపీ, అంటే లీగ్ ఉత్తమ ఆటగాడు. పాత రూకీ మ్యాచ్‌లు దొరికితే అతని కాళ్లు వదిలేసి మెడ చూడండి. బంతి అందేసరికి పాస్ ఎటు పోవాలో అప్పటికే నిర్ణయమైపోయి ఉంటుంది.

నాలుగో అడుగు: డిఫెన్స్‌లో దూరపు మూల

ఈ మొత్తంలో ఒక్కటే చూడటానికి టైముందంటే ఇదే చూడండి. మిగిలినవన్నీ కలిపినా నాకు దీనంత చెప్పవు.

దృశ్యం ఇలా ఉంటుంది. కుడి పక్క బంతి ఉన్నవాడు, వాడికి స్క్రీన్ పెట్టడానికి, అంటే వాడిని కాసే డిఫెండర్‌కి అడ్డంగా నిలబడటానికి వచ్చిన పొడుగాటి సెంటర్ (రింగ్ దగ్గర ఆడేవాడు). పిక్ అండ్ రోల్. ఎన్‌బీఏలో రాత్రికి వందసార్లు కనిపించే ఆట. మన రూకీ ఇందులో ఎక్కడా లేడు. ఎడమ మూలలో నిలబడ్డ షూటర్‌ని కాపలా కాస్తున్నాడు. బంతికి అతనికి మధ్య కోర్టు వెడల్పంత దూరం, 50 అడుగులకి కాస్త తక్కువ. కెమెరా కూడా అతని మీద ఉండదు, టీవీ అంచున సగం కనిపిస్తుంటాడు.

స్క్రీన్ పెట్టిన సెంటర్ మలుపు తిరిగి రింగ్ వైపు పరిగెత్తుతాడు. అతన్ని ఆపే పని మన మూలవాడిదే. తన షూటర్‌ని వదిలి, పెయింట్‌లోకి (రింగ్ ముందు రంగు వేసిన భాగంలోకి) రెండడుగులు వేసి, ఆ పరిగెత్తేవాడికి ఎదురు నిలవాలి. ఎప్పుడు కదలాలన్నదే అసలు పరీక్ష. బంతి ఉన్నవాడు స్క్రీన్ భుజం దాటుతున్న క్షణంలో రూకీ ఎడమ కాలు పెయింట్‌లో పడి ఉంటే పసిగట్టాడని అర్థం. పాస్ గాలిలోకి లేచాక కదిలితే ఆలస్యం. అప్పటికి మిగిలేవి రెండే దారులు, ఫౌల్ చేయడం లేదా డంక్ చూస్తూ నిలబడటం.

అలాగని ముందే వెళ్లి పెయింట్‌లో కూర్చుంటానంటే కుదరదు. ఎన్‌బీఏలో ఎదుటి ఆటగాడెవరినీ చేతి దూరంలో కాయకుండా మూడు సెకన్లకి మించి పెయింట్‌లో నిలబడితే తప్పు. అవతలివాళ్లకి ఒక ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుపడకుండా వేసే షాట్), మళ్లీ బంతి కూడా వాళ్లకే. కాలేజీలో ఈ రూలు లేదు. అక్కడ జోన్‌లో (మనిషికి బదులు చోటుని కాసే డిఫెన్స్‌లో) హాయిగా నిలబడి బ్లాకులు కొట్టిన పొడుగువాళ్లకి ఇక్కడ మొదటి నెలలో చుక్కలు కనబడేది ఇందుకే. ఒక కాలు లోపల పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం. దూరం నుంచి చూస్తే నేల కాలుతున్నట్టు గంతులేస్తుంటారు.

ఇంతటితో అయిపోలేదు. లోపలికి వచ్చాడు కాబట్టి అతని షూటర్ ఖాళీ. పాస్ మూలకి పోతుంది. ఇప్పుడు వెనక్కి పరుగు. ఇక్కడ చూడాల్సింది చివరి మూడడుగులు. ఆవేశంగా పెద్ద అడుగులతో వెళ్లి గాల్లోకి ఎగిరేవాడిని షూటర్ షాట్ వేస్తున్నట్టు ఒక్క బెదిరింపుతో పక్కకి తప్పించి లోపలికి పోతాడు. నేర్చుకున్నవాడు చివర్లో అడుగులు చిన్నవి చేసి, ఒక చెయ్యి పైకెత్తి, నడుము దించి ఆగుతాడు. షాట్ వేసినా సరే, కష్టపడి వేయాలి. డ్రైవ్ చేసినా సరే, ఎదురుగా మనిషి ఉండాలి.

కబడ్డీ చూసినవాళ్లకి ఇది తేలిగ్గా ఎక్కుతుంది. మంచి కార్నర్ డిఫెండర్ రైడర్ చేతిని చూడడు, నడుమునీ కాలి మడమనీ చూస్తాడు. బరువు ఏ కాలి మీద పడిందో తెలిస్తే తర్వాతి కదలిక తెలిసినట్టే. మ్యాట్ మీదైనా చెక్క నేల మీదైనా పని ఒకటే.

ఒక మ్యాచ్‌లో రూకీ దూరపు మూలలో ఉన్న సందర్భాలు పదిహేను దాకా దొరుకుతాయి. ప్రతిదానికీ "ముందు", "సమయానికి", "ఆలస్యం" అని ఒక్క మాట రాయండి. ఇంకో విషయం, నోరు కదులుతోందా, చేత్తో ఎవరికైనా చూపిస్తున్నాడా? జరగబోయేది తెలిసినవాడు పక్కవాడికి అరిచి చెబుతాడు. తెలియనివాడు తన పనే తను చూసుకుంటూ మౌనంగా ఉంటాడు.

ఐదో అడుగు: షాట్ తప్పినప్పుడు ఎటు వెళ్లాడు?

రీబౌండ్ పొడవు మీద ఉంటుందనుకుంటాం. డెనిస్ రాడ్‌మన్ ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు, పెద్ద ఆటగాళ్లలో పొట్టివాడి కిందే లెక్క. 1986 డ్రాఫ్ట్‌లో 27వ పిక్. 1992 నుంచి 1998 దాకా వరుసగా ఏడేళ్లు లీగ్‌లో రీబౌండ్లలో మొదటి స్థానం అతనిదే. వార్మప్‌లో అందరూ షాట్లు వేస్తుంటే అతను పక్కన నిలబడి ఎవరి బంతి గాల్లో ఎన్ని చుట్లు తిరుగుతోందో లెక్కపెట్టేవాడని జట్టు సహచరుడు ఐసయా థామస్ చెప్పాడు. పుట్టుకతో వచ్చిందని మనం అనుకునేది వెనకాల ఇలా లెక్కలు కట్టి తెచ్చుకున్నది కూడా కావచ్చు.

రూకీలో ఇది చూడటం సులువే. ఒక మూల నుంచి వేసిన షాట్ తప్పితే బంతి చాలాసార్లు అవతలి పక్కకి పోతుంది. దూరం నుంచి వేస్తే దూరంగా పడుతుంది. షాట్ చెయ్యి వదిలిన క్షణంలో వీడియో ఆపండి. రూకీ అప్పటికే కదులుతున్నాడా, ముందు ఎదుటివాడిని నడుముతో తోసి చోటు సంపాదించాడా, లేక తల పైకెత్తి చూస్తున్నాడా? మూడోదే అయితే 10 రీబౌండ్లు వచ్చినా అవి చేతిలో పడినవే.

ఆరో అడుగు: అదే తప్పు మళ్లీ చేశాడా?

పసిగట్టే గుణం ఉందో లేదో ఒక మ్యాచ్‌లో తెలుస్తుంది. సిద్ధమో కాదో తెలియడానికి తప్పులు కావాలి. రూకీ తప్పు చేయడం వార్త కాదు. మొదటి క్వార్టర్‌లో ఒక అనుభవజ్ఞుడు అతన్ని షాట్ బెదిరింపుతో ఎగరేశాడనుకోండి. మూడో క్వార్టర్‌లో అదే మనిషి అదే చోట అదే చేస్తాడు, తప్పకుండా చేస్తాడు. పాతవాళ్లకి అదే తిండి. అప్పుడు రూకీ పాదాలు నేల మీద ఉన్నాయా?

నా పుస్తకంలో ప్రతి తప్పుకీ పక్కన ఓ గీత గీసుకుంటాను. అదే తప్పు మళ్లీ వస్తే దాని మీద అడ్డగీత. అడ్డగీతలు తక్కువున్న రూకీ 6 పాయింట్లే కొట్టినా కోచ్ ఆడిస్తాడు. అడ్డగీతలు నిండిపోయినవాడు 20 కొట్టినా నాలుగో క్వార్టర్‌లో బెంచీ మీదే కనిపిస్తాడు. మనం ఇంట్లో కూర్చుని కోచ్‌ని తిట్టుకుంటాం.

తప్పు చేసిన తర్వాతి మూడు పొజెషన్లు (బంతి తన జట్టు చేతికొచ్చే వంతులు) కూడా చూడండి. బంతి అడగడం మానేశాడా? లేక పోయింది వెంటనే తిరిగి తెచ్చేద్దామని మొదటి చూపుకే షాట్ వేస్తున్నాడా? రెండూ టెన్షనే, రెండు వేషాల్లో. టర్నోవర్ అయ్యాక (బంతి ఎదుటివాళ్లకి పోయాక) తల దించుకుని నడిచేవాడికీ, ఒక్క ఉదుటున వెనక్కి పరిగెత్తేవాడికీ తేడా ఏ స్టాట్ షీటులోనూ ఉండదు.

దీనికి పరాకాష్ఠ 1980 మే 16. ఫైనల్స్ ఆరో మ్యాచ్, ఫిలడెల్ఫియాలో. లేకర్స్ సెంటర్ కరీం అబ్దుల్ జబ్బార్ చీలమండ బెణికి రాలేదు. పాయింట్ గార్డ్‌గా ఆడే 20 ఏళ్ల రూకీ మ్యాజిక్ జాన్సన్ ఆట మొదలుపెట్టే జంప్ బాల్‌కి సెంటర్ స్థానంలో నిలబడ్డాడు. 42 పాయింట్లు, 15 రీబౌండ్లు, 7 అసిస్టులు (స్కోరుకి దారితీసిన పాసులు), టైటిల్. అక్కడ నన్ను ఆకట్టుకునేది 42 కాదు. ఏడాదంతా ఆడని చోట నిలబడి కూడా ఏ మనిషి ఎక్కడ ఉంటాడో తెలిసి ఉండటం.

ఏడో అడుగు: ఒళ్లు

దీని మీద ఎక్కువసేపు ఆగకండి. 2007 డ్రాఫ్ట్‌కి ముందు పరీక్షలో కెవిన్ డ్యురాంట్ 185 పౌండ్ల బరువును, అంటే దాదాపు 84 కిలోలను, బెంచ్ ప్రెస్‌లో ఒక్కసారీ ఎత్తలేకపోయాడు. 2008లో రూకీ ఆఫ్ ది ఇయర్ అతనే. కండ తర్వాత వస్తుంది. చూడాల్సింది దెబ్బ తగిలాక ఏం చేస్తున్నాడన్నది: స్క్రీన్‌కి గుద్దుకుని ఆగిపోతున్నాడా, భుజం ఇరికించి దూరి పోతున్నాడా?

ఒక్క జాగ్రత్త. జనవరి, ఫిబ్రవరిలో రూకీని చూసి తీర్పు చెప్పకండి. కాలేజీలో సీజన్ మొత్తంలో ఆడేన్ని మ్యాచ్‌లు అప్పటికే అయిపోయి ఉంటాయి, ఇంకా సగం మిగిలి ఉంటుంది. షాట్లు వరసగా రింగ్ ముందు అంచుకి తగులుతున్నాయంటే చెయ్యి చెడలేదు, కాళ్లు అలిసిపోయాయి. షూటింగ్ గురించి తొందరపడి ఏదైనా తేల్చాలనిపిస్తే మూడు పాయింట్ల శాతం కంటే ఫ్రీ త్రో శాతం చూడండి. ఎదురుగా ఎవరూ లేనప్పుడు చెయ్యి ఎలా ఉందో అది చెబుతుంది.

ఎనిమిదో అడుగు: ఎక్కడినుంచి వచ్చాడు?

"రూకీ" అన్న ఒక్క మాట కింద రకరకాల మనుషులుంటారు. డాలస్ జట్టులోనే ఎన్‌బీఏ మొదలుపెట్టిన లూకా డాన్చిచ్ గురించి డాలస్ తెలుగువాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 16 ఏళ్లకే రియల్ మాడ్రిడ్ పెద్దల జట్టులో దిగాడు, 2018లో యూరోలీగ్ (యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ) టైటిల్, ఎంవీపీ రెండూ గెలిచి వచ్చాడు. ఎన్‌బీఏలో అతను కాగితం మీదే రూకీ. మొదటి ఏడాది మ్యాచ్‌కి సగటున 21.2 పాయింట్లు చూసి ఆశ్చర్యపోయినవాళ్లు అతని మాడ్రిడ్ ఆటలు చూడనివాళ్లే.

మాల్కమ్ బ్రాగ్డన్ ఇంకో రకం. వర్జీనియా యూనివర్సిటీలో చదువు పూర్తి చేసుకుని 23 ఏళ్లకి వచ్చాడు. 2016లో 36వ పిక్, అయినా 2017లో రూకీ ఆఫ్ ది ఇయర్. మెరుపులేం లేవు. ఉండాల్సిన చోట ఉండేవాడు, అంతే. 19 ఏళ్లవాడిని ఇలాంటివాడి పక్కన పెట్టి "వీడికి రాదు" అనడం అన్యాయం.

మన దేశం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పంజాబ్‌లోని బల్లో కే ఊరి కుర్రాడు సత్నాం సింగ్, 7 అడుగుల 2 అంగుళాలు. 2015లో 52వ పిక్‌గా డాలస్ తీసుకుంది. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు. ఆ రోజు మనమంతా పండగ చేసుకున్నాం. ఫ్లోరిడా అకాడమీ నుంచి కాలేజీ ఆట ఆడకుండా నేరుగా వచ్చాడు. డాలస్‌కి అనుబంధంగా ఉన్న టెక్సాస్ లెజెండ్స్‌లో ఆడాడు గానీ, ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. అప్పటికే లీగ్‌లో భారీ సెంటర్లు మూడు పాయింట్ల గీత దాకా బయటికొచ్చి చిన్నవాళ్లని కాపలా కాయాల్సిన రోజులు వచ్చేశాయి. నాలుగో అడుగులో చెప్పిన ఆ పెయింట్ గంతులు, మూలకి పరుగులు 19 ఏళ్లకి అలవాటు కాకపోతే, ఎంత పొడుగున్నా ఆ టైము దొరకదు.

తొమ్మిదో అడుగు: పుస్తకం, పాజ్ బటన్

పద్దు చిన్నదే. ఒక పేజీ నాలుగు గడులు: తల తిప్పడం, దూరపు మూల, రీబౌండ్ కదలిక, మళ్లీ వచ్చిన తప్పు. సమ్మర్ లీగ్‌లో రెండు మ్యాచ్‌లు, నవంబరులో రెండు, మార్చిలో రెండు. ఆరు పేజీలు. పక్కపక్కన పెట్టి చూడండి. "ఆలస్యం"లు "సమయానికి"గా మారుతున్నాయా లేదా అన్నదొక్కటే ప్రశ్న. పాయింట్లు ఎక్కడా రాయకండి, చెయ్యి లాగుతుంది.

మీ ఇంట్లో ఆడే పిల్లలుంటే, లేదా కోచింగ్ ఇస్తుంటే, ఇదే వీడియోతో ఇంకో పని కూడా చేయొచ్చు. పిక్ అండ్ రోల్ మొదలవగానే పాజ్ నొక్కి, "ఇప్పుడు బంతి ఎటు పోతుంది?" అని అడగండి. జవాబు చెప్పడానికి రెండు సెకన్లే. తర్వాత ప్లే నొక్కండి. రోజూ ఇరవై చాలు. మా మేనకోడలు పదో తరగతి, జిల్లా జట్టులో ఆడుతోంది. మొదట్లో ఇరవైకి ఏడు చెప్పేది, మూడు నెలలకి పదమూడుకి వచ్చింది. కోర్టులో కూడా ఇప్పుడు పాస్ రాకముందే మెడ తిప్పుతోంది. నాకు పదకొండు దాటడం లేదు. మొన్నైతే పాజ్ నొక్కింది తనే. నేను ఎడమ మూల అన్నాను. బంతి కుడికి పోయింది. "ఆలస్యం, మామయ్యా" అని నా పేజీలో తనే రాసింది.